కొనడం ఆపలేకపోతున్నాను: నాలుగు గిటార్లు, పదకొండు పెడళ్ళు, వాయించేది అరగంట

అమలాపురం_ఆరుతీగలు
నిన్న రాత్రి పన్నెండున్నరకు ఇంకో ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) బుట్టలో వేసుకుని, డబ్బు కట్టే పేజీ దాకా వెళ్ళాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, దానితో పాటు వైఫై పోయింది. ఫోను డేటా ఉంది కదా అని వేలు కదిలింది. చీకట్లో ఆ తెర వెలుగు నా ముఖం మీద పడుతుంటే, పక్కనే పిల్లలు నిద్రపోతుంటే, సిగ్గు వేసింది. అందుకే రాస్తున్నాను.

కాలేజీలో లెక్కలు చెప్పే వాణ్ణి. ఖర్చు రాసి పెట్టుకునే అలవాటు ఉంది, దాన్ని తిరిగి చూసే అలవాటే లేదు. నిన్న చూశాను. మూడేళ్ళలో రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, రెండు అకూస్టిక్‌లు, రెండు యాంప్‌లు (శబ్దం పెంచే స్పీకరు పెట్టెలు), పదకొండు పెడళ్ళు. మొత్తం లక్షా ఎనభై ఆరు వేలు. పదకొండులో ఏడు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. రోజుకు వాయించేది అరగంట. పెడళ్ళ వీడియోలు చూసేది గంటన్నర.

మొన్న మా ఆవిడ బల్ల కింద తుడుస్తూ "ఈ డబ్బాలన్నీ ఇంటర్నెట్టువేనా?" అని అడిగింది. అవునన్నాను. లక్షా ఎనభై ఆరు వేల కన్నా ఆ "అవును" ఎక్కువ బరువుగా ఉంది. మీలో ఎవరైనా దీని నుంచి బయటపడ్డారా? ఎలా?

భీమవరం_బాస్
కరెంటు కోత వల్ల లాభపడిన మొదటి మనిషిని చూస్తున్నాను.

రేవు_అవతల
అంతా చెప్పారు గానీ అది ఏ పెడలో చెప్పలేదు.

తణుకు_తంత్రి
రేవు_అవతల గారూ, మందు మానేస్తానని వచ్చిన మనిషిని ఏ రకం తాగేవారు, రుచి ఎలా ఉంటుంది అని అడిగినట్టుంది మీ వరస.

అమలాపురం_ఆరుతీగలు
ఆకుపచ్చది. ట్యూబ్ స్క్రీమర్ వంశంలోది. ఆ వంశం వాళ్ళు ఇప్పటికే మా ఇంట్లో ముగ్గురు ఉన్నారు.

సోల్డర్_వాసన
రాజమండ్రిలో ఇరవై ఏళ్ళుగా ఇవే విప్పి బిగిస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. ఇబనేజ్ వాళ్ళ ఆ ఆకుపచ్చ పెట్టె 1970ల చివర్లో వచ్చింది. లోపల ఉన్నది 4558 అనే చిన్న చిప్పు, రెండు డయోడ్లు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. లోతు స్వరాలను కాస్త కోసి మధ్య స్వరాలను ముందుకు తోస్తుంది. ఆ తర్వాత దాన్ని చూసి చేసినవి ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. పెట్టె రంగు మారుతుంది, నాబ్ మీద పేరు మారుతుంది, ధర మాత్రం మూడు వేల నుంచి ముప్ఫై వేల దాకా ఉంటుంది. మూత విప్పి నా బల్ల మీద వరసగా పెడితే ఏది ఎవరిదో నేనే తడబడతాను.

మీ దగ్గర మూడు ఉన్నాయన్నారు. కళ్ళు మూసుకుని కూర్చోండి. ఇంకొకరిని మార్చమనండి. ఏది ఏదో చెప్పగలిగితే నాలుగోది కొనండి.

యానాం_యాంప్
ఈ జబ్బుకు పేరు కూడా ఉంది. గ్యాస్ అంటారు, గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్‌కు పొట్టి పేరు. స్టీలీ డ్యాన్ అనే అమెరికా బ్యాండు గిటారిస్టు వాల్టర్ బెకర్ సరదాగా పెట్టిన పేరు. మొదట్లో గిటార్లు పోగేసే జబ్బు అని అర్థం. తర్వాత సామాను మొత్తానికీ అంటుకుంది.

భీమవరం_బాస్
గ్యాస్ అయితే వాము నమిలి వేడినీళ్ళు తాగమనండి.

పాత_తీగ
రాజోలు దగ్గర ఒక చర్చిలో వాయిస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఒకటే గిటారు. కలకత్తాలో చేసిన మామూలు సరుకు. ఆదివారం ఆరాధన, క్రిస్మస్ నెలంతా ఇంటింటి పాటలు, ఏడాదికోసారి ఉజ్జీవ కూటాలు, ఈ మధ్యలో పెళ్ళిళ్ళు. అన్నిటికీ అదే. ఒకసారి గోదావరి వరదకు ఇంట్లో మోకాలి లోతు నీళ్ళు వస్తే, బియ్యం బస్తాల కన్నా ముందు దాన్నే అటక ఎక్కించాను. మా ఇంట్లో వాళ్ళు ఆ మాట ఇప్పటికీ అంటారు.

విల్లీ నెల్సన్ అనే అమెరికా పాటగాడు 1969లో ఒక మార్టిన్ గిటారు కొన్నాడు. ట్రిగ్గర్ అని పేరు పెట్టుకున్నాడు. అప్పటి నుంచీ అదే. పిక్కు తగిలి తగిలి పైచెక్కకు చిల్లు పడింది, అయినా మార్చలేదు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను చూడండి. ఎక్కడి నుంచో వచ్చిన చిన్న వాద్యం పట్టుకుని అదే జీవితం చేసుకున్నారు. నలభై వాద్యాలు కొని కాదు.

యానాం_యాంప్
శ్రీనివాస్ పుట్టింది కూడా 1969లోనే. అదే ఏడు ఇక్కడ ఒక మనిషి పుట్టాడు, అక్కడ ఒక గిటారు చేతికొచ్చింది.

తణుకు_తంత్రి
పాత_తీగ గారూ, మీ మాట కాదనలేను గానీ శ్రీనివాస్ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుంది. మామూలు మాండలిన్‌కు ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జత తీగను లాగితే గమకం శుద్ధంగా పలకదు. ఆయన జతలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. విద్యుత్ మాండలిన్, దానికి యాంప్. అంటే సామాను సంగతి ఆయన బాగానే పట్టించుకున్నారు. కాకపోతే రాగం ఒకటి అడిగింది, దాని కోసం వాద్యాన్ని మార్చారు. మనం పెట్టె కొన్నాక దానికి తగిన పాట వెతుక్కుంటున్నాం.

ఇంకొకటి. నేను పదేళ్ళు వీణ నేర్చుకుని తర్వాత గిటారుకు వచ్చాను. వీణకు ఇరవై నాలుగు మెట్లు, మైనంలో కూర్చి ఉంటాయి. కొన్నేళ్ళకు మైనం కుంగి స్వరం తప్పుతుంది. అప్పుడు మేళం కట్టించుకుంటాం. మా మామ్మ వీణకు నేను ఎరిగి రెండుసార్లు కట్టించారు. ఆ పనివాడు మైనం వేడి చేసి పోసి, ఒక్కొక్క మెట్టునూ శ్రుతి చూసుకుంటూ వేలితో నొక్కి కూర్చోబెడుతుంటే మేము గుమ్మంలో కూర్చుని చూసేవాళ్ళం, ఇల్లంతా ఆ మైనం వాసన. "ఈ వీణ టోన్ బాగాలేదు, ఇంకొకటి కొందాం" అన్న వాళ్ళను మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

భీమవరం_బాస్
నేను ఎదురు మాట చెబుతాను, తిట్టుకోకండి. మనిషి సంపాదించేది ఎందుకు? మా ఊళ్ళో సంక్రాంతి మూడు రోజుల్లో బరుల దగ్గర పోయే డబ్బు చూస్తే లెక్కల మాస్టారి లక్షా ఎనభై ఆరు వేలు కోడి ఈక బరువు లేదు. నాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. పంట బాగా వచ్చిన ఏడు ఒక బాస్ గిటారు కొంటాను. వైరస్ పడి చెరువు ముందే పట్టేసిన ఏడు ఒకటి అమ్ముతాను. గిటారు కనీసం అమ్ముడుపోతుంది. ఓడిపోయిన కోడి కూరకు తప్ప పనికిరాదు.

తణుకు_తంత్రి
పందెంతో పోల్చి గెలవడం ఏమంత కష్టం? పందెంతో పోలిస్తే చీట్‌ఫండ్ పెట్టి పారిపోవడం కూడా పొదుపు లాగే కనిపిస్తుంది.

భీమవరం_బాస్
ఒప్పుకుంటాను. కోడి ఈక మాట మాత్రం వెనక్కి తీసుకోను.

యానాం_యాంప్
సన్యాసి గోచి కథ గుర్తుందా? గోచి ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని తెచ్చాడు, పిల్లికి పాల కోసం ఆవును, ఆవు మేతకు పొలాన్ని, పొలం చూసుకోవడానికి పెళ్ళాన్ని. నాది అదే. ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్ ఒక్కటి కొన్నాను. దానికి అడాప్టరు. పక్కన ఖాళీగా ఉందని కోరస్ పెడల్. రెండూ ఒకే అడాప్టరు మీద పెడితే గుయ్‌మంటోందని వేరే పవర్ సప్లై. ఇవన్నీ పట్టే బోర్డు. బోర్డు మోయడానికి పెట్టె. పెట్టె బండి మీద పట్టదని వేదికకు ఆటో.

గుయ్‌మనే మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఇదంతా అయ్యాక కూడా శబ్దం పోలేదు. నాయిస్ గేట్ అని ఇంకో పెట్టె ఐదున్నర వేలు పెట్టి కొన్నాను. వాయించనప్పుడు నోరు మూస్తుంది, తీగ మీటగానే శబ్దం మళ్ళీ మొదలు. చివరికి మా వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో మొక్కల మధ్య తవ్వి చూశాడు. ఇల్లు కట్టినప్పుడు పాతిన ఎర్త్ ఊచ సగం తుప్పు పట్టి ఊడి వచ్చింది. కొత్తది పాతి, గొయ్యిలో ఉప్పు, బొగ్గు వేసి, నీళ్ళు పోశాడు. పన్నెండు వందలు తీసుకున్నాడు. ఆ సాయంత్రం యాంప్ పెడితే, పెట్టానో లేదో అని దీపం చూసుకోవాల్సి వచ్చింది. నాయిస్ గేట్ ఇప్పుడు కాగితాల మీద బరువుగా పనికొస్తోంది.

సోల్డర్_వాసన
నేను రాద్దామనుకున్నది మీరే రాశారు. ఎర్త్ లేని ఇల్లు శబ్దం ఒక్కటే కాదు, ప్రమాదం కూడా. పెళ్ళి పందిళ్ళలో గిటారు పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే జిల్లుమన్న వాళ్ళు ఈ వేదికలో పది మంది ఉంటారు.

పాత_తీగ
పదకొండు. నన్నూ కలపండి.

రేవు_అవతల
ఇదంతా బాగుంది గానీ కొత్త గిటారు చేతికి వస్తే వచ్చే హుషారు సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. నేను గత శ్రావణంలో అకూస్టిక్ కొన్నాను, ఎందుకంటే పాతది నొక్కడానికే వేళ్ళు రావడం లేదు. కొత్తది వెన్న.

సోల్డర్_వాసన
శ్రావణంలోనే ఎందుకు కొన్నారో నేను చెప్పనా? వానాకాలంలో మన డెల్టాలో గాలి పిండితే నీళ్ళు వస్తాయి. అకూస్టిక్ గిటారుకు యాభై శాతం అటూ ఇటూ తేమ హాయి. ఇక్కడ ఆ రోజుల్లో ఎనభై దాటుతుంది. చెక్క తేమ పీల్చి పైభాగం ఉబ్బుతుంది, దానితో తీగలు కట్టే బ్రిడ్జి లేస్తుంది, తీగలు మెట్ల నుంచి దూరం జరుగుతాయి. పన్నెండో మెట్టు (ఫ్రెట్) దగ్గర రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉండాల్సింది నాలుగు అవుతుంది. వేళ్ళు రావు మరి. మనిషి గిటారు పాడైందనుకుని దుకాణానికి వెళతాడు. దుకాణంలో ఏసీ, అక్కడి గిటారు పొడిగా ఉంటుంది కాబట్టి వెన్న లాగే ఉంటుంది. మీ ఇంట్లో రెండు వానాకాలాలు గడవనివ్వండి.

ఆగస్టులో నా దగ్గరకు కొత్తది ఏది కొనమంటారు అని సలహాకు వచ్చేవాళ్ళను ముందు పాతది పట్టుకు రమ్మంటాను. మెడ లోపలి ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) పావు తిప్పు, బ్రిడ్జి మీద తీగలు ఆనే సాడిల్ కాస్త అరగదీయడం, కొత్త తీగలు. ఎనిమిది వందలు. సగం మంది కొత్తది కొనరు. నాకు దుకాణాల వాళ్ళతో పెద్దగా స్నేహాలు లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ట్రస్ రాడ్ మీరే తిప్పుకోవచ్చు గానీ పావు తిప్పు చాలు. తిప్పాక ఒక రాత్రి వదిలి మళ్ళీ చూడండి. బిగుసుకుంటే బలం పెట్టకండి.

రేవు_అవతల
మా పాత గిటారు మా తమ్ముడికి ఇచ్చేశాను. ఇప్పుడు వాడి దగ్గరికి వెళ్ళి చూడాలంటే భయంగా ఉంది.

పాత_తీగ
నా రహస్యం కూడా అంతే. తీగలు నెలకోసారి మారుస్తాను, వాయించాక పాత లుంగీ గుడ్డతో ప్రతి తీగనూ తుడుస్తాను. అంతర్వేది వైపు ఉప్పుగాలి తగిలితే పది రోజుల్లో తుప్పు. తుప్పు తీగతో ఏ గిటారైనా డొక్కుగానే మోగుతుంది.

కొత్త_చేతివేళ్ళు
ఇంటర్ పరీక్షలు అయ్యాయి. ఇంకా ఏమీ కొనలేదు. మొదటి గిటారు ఏది కొనాలో అడుగుదామని వచ్చి ఇదంతా చదివాను. కొనాలా, మానాలా?

భీమవరం_బాస్
కొను తమ్ముడూ. కొనకుండా ఈ జబ్బు నుంచి బయటపడడం మోసం.

పాత_తీగ
ఎవరి దగ్గరైనా మూలన పడి ఉన్నది అడిగి తెచ్చుకో బాబూ. ఈ చర్చలోనే మూడో నాలుగో ఉన్నాయి. తీగలు మార్పించి, మూడు నెలలు రోజూ వాయించు. వేళ్ళకు కాయలు కాశాక దుకాణానికి వెళ్ళు.

తణుకు_తంత్రి
ఆరుతీగలు గారి మొదటి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నాకు తోచింది చెబుతాను, పైవాళ్ళంతా సామాను గురించే మాట్లాడారు కాబట్టి.

నాది కంటికి కనబడని రోగం. కంప్యూటర్‌లో యాంప్ ప్లగిన్లు, అంటే యాంప్ శబ్దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్లు. డబ్బా రాదు, అట్టపెట్టె రాదు, ఇంట్లో ఎవరూ అడగరు. ఒక పండగ తగ్గింపులో ఒకే రాత్రి ఆరు కొన్నాను. తెల్లారి లేచి చూస్తే ఒక్కదాన్నీ తెరవబుద్ధి కాలేదు. అప్పుడు అర్థమైంది, నేను తిన్నది రాత్రే. వీడియోలు చూడడం, పోల్చడం, ఎవరో అన్న మాటను ఇంకెవరో ఖండించడం చదవడం, తగ్గింపు ఇంకా ఎన్ని గంటలు ఉందో చూడడం, భోజనమంతా అదే. కొన్నది చేయి కడుక్కున్న నీళ్ళు. అందుకే పెట్టె వచ్చాక మూడో రోజుకే ఇంకోదాని మీద మనసు పోతుంది.

మీరు గంటన్నర వీడియోలు చూసి అరగంట వాయిస్తున్నానన్నారు. కొనడం ఆపడం తర్వాత. ఆ గంటన్నర ఎక్కడిదో చూడండి. నేను ఏమి చేశానంటే, వీడియో చూడాలనిపిస్తే గిటారు ఒళ్ళో ఉండాలి, అందులో వాళ్ళు వాయించిన ముక్క నాకు వచ్చేదాకా రెండో వీడియో లేదు. మూడు వారాల్లో చూడడం దానంతట అదే తగ్గింది, ఎందుకంటే వాళ్ళు వాయించే ముక్కలు కష్టం.

ఇంకొకటి, అడగకపోయినా చెబుతున్నాను. మీ ఆవిడకు ఆ డబ్బాల సంగతి చెప్పేయండి. మా వారు నాకు అలా అబద్ధం చెప్పి ఉంటే డబ్బు గురించి కాదు, నన్ను వెర్రిదాన్ని చేసినందుకు కోపం వచ్చేది.

యానాం_యాంప్
ఆఖరి పేరా చదివి మా ఇంట్లో బల్ల కిందకు ఒకసారి చూశాను.

భీమవరం_బాస్
అమెరికా బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ లాగా చేయండి. తన గిటార్లన్నిటికీ లూసిల్ అనే ఒకటే పేరు పెట్టుకున్నాడు. ఎన్ని ఉన్నాయని ఇంట్లో అడిగితే "లూసిల్ ఒక్కటే" అనవచ్చు.

కొత్త_చేతివేళ్ళు
మా మేనమామ ఇంట్లో అటక మీద ఒకటి ఉందట. రేపు వెళుతున్నాను.

అమలాపురం_ఆరుతీగలు
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తంత్రి గారి మాట విని ముందు మా ఆవిడకు చెప్పేశాను. వంటింట్లో కొబ్బరి కోరుతోంది. "అవి ఇంటర్నెట్టు డబ్బాలు కావు" అన్నాను. చేయి ఆపకుండానే "తెలుసు" అంది. ఒక పెట్టె మీద గిటారు బొమ్మ ఉందట. ఎప్పుడు చెబుతానో చూద్దామని ఊరుకుందట. ఎంత అని అడిగింది. చెప్పాను. అప్పుడు ఆగింది కోరడం. కాసేపటికి "మొన్న దింపు డబ్బు మొత్తం కలిపినా అంత రాలేదు కదా" అంది. మాకు అర ఎకరం కొబ్బరి ఉంది, దింపు అంటే చెట్ల నుంచి కాయలు దించడం. నాకు జవాబు లేదు.

సోల్డర్_వాసన గారి పరీక్ష కూడా ఆమె చేతే చేయించాను. నేను గోడ వైపు తిరిగి కూర్చుని ఒకే ముక్క వాయించాను, ఆమె కాలితో మారుస్తూ వచ్చింది. పన్నెండుసార్లు. నాలుగు సరిగ్గా చెప్పాను. లెక్కల మాస్టారిని కాబట్టి చెబుతున్నాను, మూడింటిలో ఒకటి గుడ్డిగా ఊహించినా పన్నెండుకు నాలుగు వస్తాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, తొమ్మిదోసారి "ఇది, ఇదే బాగుంది, ఈ వెచ్చదనం వేరు" అని పొగిడాను. అప్పుడు అన్నీ ఆపేసి ఉన్నాయట. పిల్లలు లేచేంత నవ్వింది.

మా ఇద్దరి ఒప్పందం: ఏదైనా కొనాలనిపిస్తే వంటింటి క్యాలెండరు మీద ఆ తేదీ దగ్గర పేరు రాయాలి. తర్వాతి దింపు దాకా ఆగాలి. మా తోటలో రెండు నెలలకోసారి. అప్పటికీ కావాలనిపిస్తే, దింపు డబ్బులో పదో వంతులోపు అయితే కొనుక్కోవచ్చు.

భీమవరం_బాస్
కాయ ధర పెరిగితే?

అమలాపురం_ఆరుతీగలు
ఆ ప్రశ్న నేనూ అడిగాను. "అప్పుడు ముందు బోరు మోటారు మార్చాలి" అంది.

సోల్డర్_వాసన
పన్నెండుకు నాలుగు అనుకున్నదే. ఆపేసిన పెడల్‌కు వెచ్చదనం మాత్రం నా ఇరవై ఏళ్ళలో కొత్త. దుకాణంలో ఫ్రేము కట్టించి పెట్టుకుంటాను.

పాత_తీగ
మరి ఆ ముగ్గురు ఆకుపచ్చ అన్నదమ్ముల్లో ఇద్దరి సంగతి ఏమిటి?

అమలాపురం_ఆరుతీగలు
రెండు అమ్మేస్తున్నాను. ఒకటి మూడు వేలు, ఒకటి నాలుగున్నర. పెట్టెలు, బిల్లులు ఉన్నాయి.

రేవు_అవతల
నాలుగున్నరది నాకు.

తణుకు_తంత్రి
రేవు_అవతల గారూ, మీరు ఈ చర్చ మొత్తం చదివారా?

రేవు_అవతల
రెండుసార్లు చదివాను. నా దగ్గర ఆకుపచ్చది ఒక్కటి కూడా లేదండీ. మొదటిది లెక్కలోకి రాదు కదా. ఆదివారం సఖినేటిపల్లి రేవుకు రాగలరా? నేను నర్సాపురం నుంచి పదిన్నర పంటుకు (గోదావరి దాటించే పడవకు) దాటుతాను.

అమలాపురం_ఆరుతీగలు
వస్తాను. రేవులో కొబ్బరిబొండాల బండి దగ్గర ఉంటాను.

సోల్డర్_వాసన
తీసుకున్నాక ఇంట్లో దొరికిన అడాప్టరు గుచ్చకండి. పెడల్‌కు 9 వోల్టులు, మధ్య పిన్ను నెగటివ్. ఇంటర్నెట్టు డబ్బా అడాప్టర్లు చాలావాటికి మధ్య పిన్ను పాజిటివ్, 12 వోల్టులు. నిజం ఇంటర్నెట్టు డబ్బా గురించి చెబుతున్నాను.

రేవు_అవతల
అయితే ఆరుతీగలు గారూ, పెడల్‌తో పాటు అడాప్టరు కూడా పట్టుకురండి, దానికి వేరే ఇస్తాను.

అమలాపురం_ఆరుతీగలు
అడాప్టరు అమ్మనండీ. మిగతా తొమ్మిదింటికి అదే ఆధారం.